రేకు కొనే ముందు అల చూడాలి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇనుప సామాను దుకాణానికి పోయి "రేకులు కావాలె" అంటే షాపతను అడిగే మొదటి మాట "సిమెంటువా, జింకువా, కలర్‌వా?" అని. అలలున్నవా, సాపువా అని అడగడు. కప్పుకు రేకు అంటే అలలున్నదే అని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట నోటిదాకా రాదు. అదే రేకు ఎస్టిమేటు కాగితం ఎక్కితే పేరు మారుతుంది: కారుగేటెడ్ షీట్. కొందరు సి.జి.ఐ. షీట్ అని రాస్తారు, అంటే జింకు పూత పూసిన ముడతల ఇనుప రేకు. ఏ.సి. షీట్ అని ఉంటే ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకు. ఈ ఏ.సి.కీ చల్లదనానికీ ఏ సంబంధమూ లేదు, ఎండాకాలం దాని కింద కూర్చుంటే తెలుస్తుంది.

కారుగేటెడ్ అన్న మాటకు మూలం లాటిన్‌లో ముడత అనే అర్థమున్న 'రూగా'. నుదురు ముడుచుకుంటే పడే గీతల వంటివన్న మాట. కాబట్టి మనవాళ్లు ముడతల రేకు, అలల రేకు అనడం సరిగ్గా అతికింది. కానీ గీతలున్న ప్రతి వస్తువూ కారుగేటెడ్ కాదు. కొటేషన్‌లో ఈ పొరపాటు పడితే ఒకటి అనుకుంటే ఇంకొకటి వచ్చి దిగుతుంది. తేడా పట్టడానికి వస్తువును వెనక్కి తిప్పి చూస్తే చాలు. ముందు మిట్ట ఉన్నచోట వెనక పల్లం కనిపిస్తే అది కారుగేటెడ్, అంటే ఒకే మందమున్న పలక మొత్తం అలగా వంగింది. వెనక సాపుగా ఉండి ముందు మాత్రం ఉబ్బులుంటే అది రిబ్బు. స్లాబులో వేసే టీఎంటీ కడ్డీ మీదున్నవి రిబ్బులే, ఆ కడ్డీని కారుగేటెడ్ అనకూడదు. పదార్థాన్ని తొలిచి గీత చేస్తే అది గాడి. విసుర్రాయికి కొట్టించే గాట్లు ఈ కోవలోవి.

ఇక ముందు అల మీది భాగాన్ని మిట్ట అనీ, కింది భాగాన్ని పల్లం అనీ అందాం. రేకు పనిలో సగం గొడవ ఈ రెండింటి దగ్గరే.

అల ఎందుకు

నోటుబుక్కు కాగితం ఒకటి చింపి రెండు గ్లాసుల మీద అడ్డంగా పెట్టండి. తన బరువుకే మధ్యలో జారి కూలబడుతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా అంగుళం లోపు మడతలు పెట్టి మళ్లీ గ్లాసుల మీద పెడితే పైన ఇంకో చిన్న గ్లాసును మోస్తుంది. కాగితం అదే, మందమూ అదే. మారిందల్లా ఎత్తు.

రేకులో లెక్క ఇంకా ఘాటుగా ఉంటుంది. అర మిల్లీమీటరు మందమున్న ఇనుప పలకకు 18 మి.మీ. ఎత్తున అలలు తీస్తే, అల పొడవు దిక్కున అది వంగకుండా నిలిచే బిగువు సాపు పలక కంటే 1800 రెట్లు దాటుతుంది. అల ఎత్తు రెట్టింపైతే బిగువు నాలుగు రెట్లు. అందుకే దుకాణంలో మందం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు, అల ఎత్తు కూడా టేపు పెట్టి చూడాలి. 0.5 రేకు అల చప్పగా ఉంటే, ఎత్తైన అలున్న 0.45 రేకు ముందు అది ఓడిపోతుంది.

ఈ బిగువంతా ఒక్క దిక్కుకే. అలకు అడ్డంగా వంచితే రేకు చాపలా చుట్టుకుంటుంది. కాబట్టి రేకును మోసే అడ్డ పైపులు ఎప్పుడూ అలకు అడ్డంగానే పోవాలి. అల కొప్పు నుంచి చూరుకు దిగాలి. నీళ్లు పోయే దారి, బలముండే దారి ఒకటే కావడం ఈ వస్తువు చేసిన మేలు. 1829లో లండన్ రేవుల ఇంజినీరు హెన్రీ రాబిన్సన్ పామర్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇనుము తుప్పు పట్టకుండా జింకు పూసే పద్ధతికి పేటెంటు 1837లో ఫ్రాన్సులో వచ్చింది. ఈ రెండూ కలిసిందే మనం జింకు రేకు అనేది. పేరు జింకే గాని లోపలిది ఇనుము, జింకు పైపూత మాత్రమే.

ఏ రేకు

మన దిక్కు గూన ఇళ్ల మీది గూనలు తీసేసి రేకులు వేసుకోవడానికి వాన కంటే కోతులే పెద్ద కారణం. గూన పెంకు ఎగరేసిన కోతి రేకును పీకలేదు గాని, సిమెంటు రేకు మీద మంద దూకితే పాత రేకు పగులుతుంది. కోతుల బెడద ఉన్న ఊళ్లో ఇనుప రేకే మేలు.

సిమెంటు రేకు సాధారణంగా 6 మి.మీ. మందం, 1.05 మీటర్ల వెడల్పు ఉంటుంది. పొడవు 1.5 నుంచి 3 మీటర్ల దాకా పావు మీటరు తేడాతో దొరుకుతుంది. అలకు అలకు దూరం 146 మి.మీ., ఎత్తు 48 మి.మీ. మూడు మీటర్ల రేకు ఒకటి 40 కిలోల పైమాటే. తుప్పు పట్టదు, బర్రెల మూత్రం ఆవిరికి చెడదు, వాన చప్పుడు తక్కువ. కానీ పెళుసు, పైగా అందులో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. ఆ సంగతికి కింద వద్దాం.

జింకు పూత రేకుకు పూత బరువు అడగాలి. చదరపు మీటరుకు 120 గ్రాములంటే రెండు వైపులా కలిపి అంత అని అర్థం. ఒక్కో వైపు 8 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొద్దిగా దాటుతుంది. 275 గ్రాములైతే ఒక్కో వైపు 19 మైక్రాన్లు. ఎరువుల గోదాముకు, కోళ్ల షెడ్డుకు, పశువుల కొట్టానికి 120 పూత పెడితే కొన్నేళ్లకే మేకుల దగ్గర ఎర్రబారుతుంది. యూరియా దుమ్ము, మూత్రం నుంచి లేచే అమ్మోనియా రెండూ జింకును తింటాయి.

కలర్ రేకు అంటే పూత మీద రంగు వేసిన ఇనుప రేకు. దాని అలలు గుండ్రంగా ఉండవు, పీట కాళ్లలా పలకలుగా ఉంటాయి. మిట్టల మధ్య దూరం సుమారు 200 మి.మీ., ఎత్తు 28–30 మి.మీ. మొత్తం వెడల్పు 1.07 మీటర్లున్నా, ఒకదాని మీద ఒకటి ఎక్కించాక కప్పేది ఒక మీటరే.

మందం విషయంలో మోసం ఎక్కువ. రేకు అంచును గోటితో నొక్కి చూసి చెప్పేవాళ్లను నమ్మొద్దు, తూకం వేయండి. 11 అడుగుల కలర్ రేకు ఇనుమే నికరంగా 0.5 మి.మీ. ఉంటే 16 కిలోలు తూగుతుంది. రంగు, పూతలు కలిపి 0.5 అన్న సరుకైతే 15 దగ్గరికి వస్తుంది. కాంటా 13 కంటే దిగువ చూపిస్తే అది 0.4 రేకు, మీకు 0.5 ధర చెప్తున్నారు. బిల్లు మీద ఇనుము మందమెంత, పూతతో కలిపి ఎంత అని రెండూ రాయించుకోండి.

లెక్క ముందు, పునాది తర్వాత

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, రెండు వాటాల షెడ్డు అనుకుందాం. ఒక్కో వాటం 10 అడుగులు. కలర్ రేకుకు 5కు 1 వాలు బాగుంటుంది, అంటే గోడ మీద నుంచి కొప్పు 2 అడుగులు లేవాలి. వాలు వెంబడి కొలిస్తే 10 అడుగుల 2 అంగుళాల చిల్లర. చూరు బయటికి 1 అడుగు. కొప్పు దగ్గర రెండు రేకులూ ముట్టుకోకుండా ఒక్కో వైపు 2 అంగుళాలు వదలాలి, అది తీసేస్తే సరిగ్గా 11 అడుగుల రేకు. 12 అడుగుల రేకు స్టాకుందని అదే అంటగడతారు. అప్పుడు చూరు రెండడుగులు వేలాడుతుంది, గాలికి అదే మొదట లేస్తుంది. చుట్ట నుంచి కోసిచ్చే చోట 11 కోయించుకోండి.

పొడవు దిక్కున 30 అడుగులు, ఆ చివర ఈ చివర ఆరేసి అంగుళాలు కలిపితే 31 అడుగులు, అంటే 9.45 మీటర్లు. ఒక రేకు కప్పేది మీటరు కాబట్టి 10 రేకులు కావాలి. రెండు వాటాలకు 20. ఇక్కడే కొంచెం ఆలోచించాలి. చివరి రేకు పూర్తి వెడల్పు కలుపుకుంటే 9 రేకులు కప్పేది 29 అడుగుల 9 అంగుళాలు. షెడ్డు పొడవును ముందే 28 అడుగుల 9 అంగుళాలకు కుదించుకుంటే రెండు రేకులు మిగులుతాయి. లేదా 10 రేకులు ఎటూ కొంటున్నారు కాబట్టి 32 అడుగులకు సాగదీయవచ్చు. పిల్లర్లు పాతాక ఈ లెక్క వేసుకుంటే చివరి రేకును నిలువునా కోయాల్సి వస్తుంది. కోసిన అంచుకు మిట్ట ఉండదు, మిట్ట లేని అంచుకు పట్టు ఉండదు.

అడ్డ పైపులు నాలుగడుగులకు మించి దూరం ఉండొద్దు. 10 అడుగుల 2 అంగుళాల వాలుకు చూరు దగ్గర ఒకటి, కొప్పు దగ్గర ఒకటి, మధ్యలో రెండు, మొత్తం నాలుగు. రెండు వాటాలకు ఎనిమిది వరసలు, వరస 31 అడుగులు. 20 అడుగుల పైపులు 13 పడతాయి. అతుకులు ఎక్కడ పడితే అక్కడ కాకుండా కింది వాసం మీద పడేట్టు వెల్డింగతనికి ముందే చెప్పాలి.

స్క్రూల లెక్క: చూరు వరసలో, కొప్పు వరసలో ప్రతి మిట్టకూ ఒకటి, నడిమి వరసల్లో మిట్ట విడిచి మిట్టకు. రేకుకు 16 చొప్పున 320. రేకుకు రేకుకు కలిసే అంచుల్లో, కొప్పు రేకు మీద ఇంకో వంద. 500 ఉన్న డబ్బా తెచ్చుకుంటే కింద పడి దొర్లిపోయినవి పోను సరిపోతాయి.

బిగించేటప్పుడు

రేకులు బండి దిగగానే పని మొదలు కాకపోతే వాటిని నేల మీద సాపుగా పేర్చొద్దు. ఒక కొసను ఇటుకల మీద పెట్టి వాటంగా ఉంచండి. రేకుకు రేకుకు మధ్య వాన నీరు చిక్కుకుంటే గాలి తగలక జింకు తెల్ల పొడిలా పొంగుతుంది. సున్నం మరకలా ఉండే ఆ పొడి నిజానికి పూత చచ్చిపోవడమే. కలర్ రేకు మీద ప్లాస్టిక్ పొర ఉంటే ఎక్కించే రోజే లాగేయాలి. ఎండకు అంటుకుపోయాక గోళ్లు అరిగినా రాదు.

ఏ కొస నుంచి మొదలుపెట్టాలన్నది గాలి చెప్తుంది. వానకాలం గాలి పడమర నుంచి కొడుతుంది కాబట్టి తూర్పు కొసన మొదటి రేకు వేసి పడమరకు జరగాలి. అప్పుడు పై రేకు అంచు తూర్పుకు తిరిగి ఉంటుంది, గాలి దాని కింద దూరలేదు. షెడ్డు ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఈ చింత తక్కువ. రేకు రెండు అంచులూ ఒకేలా ఉండవు, ఒక అంచున సన్నని గాడి ఉంటుంది. గాడి ఉన్న అంచు కిందికి పోవాలి. రెండు రేకుల సందులో నీరు పైకి పాకితే ఆ గాడి పట్టుకుని కిందికి దించుతుంది. తిరగేసి వేస్తే ఎన్ని స్క్రూలు కొట్టినా ఆ వరసంతా కారుతుంది.

మొదటి రేకు మూల మట్టం దారం కట్టి చూసుకోండి. మొదట్లో అర అంగుళం వంకర పోతే పదో రేకు దగ్గర చూరు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. సరిచేయాలంటే అన్నీ విప్పాలి.

స్క్రూ మిట్ట మీదా, పల్లంలోనా? కప్పుకు మిట్ట మీదే. నీరు పారేది పల్లంలో, అక్కడ చిల్లు పెట్టి రబ్బరు వాషరు మీద భారం వేయడం మనకు మనమే గొయ్యి తవ్వుకోవడం. గోడకు నిలువుగా బిగించే రేకుకు మాత్రం పల్లంలోనే కొట్టాలి, అక్కడ నీరు నిలవదు, పట్టు కూడా గట్టిగా ఉంటుంది. మిట్ట మీద కొట్టేటప్పుడు స్క్రూ మిట్టను దాటి పైపులోకి దిగాలి కాబట్టి పొడవు మిట్ట ఎత్తు కంటే అంగుళం ఎక్కువుండాలి. 28–30 మి.మీ. మిట్టకు 55 మి.మీ. స్క్రూ సరిపోతుంది.

బిగువు చూసే గుర్తు రబ్బరు వాషరే. లోహపు టోపీ కింద నుంచి రబ్బరు అంచు గీతంత బయటికి కనిపించాలి. ఏమీ కనిపించకపోతే వదులు. పువ్వులా విచ్చుకుని బయటికొస్తే ఎక్కువైంది. మిట్ట గుంట పడి ఆ గుంటలో నీరు నిలుస్తుంది, రబ్బరు రెండు ఎండాకాలాల్లో చిట్లుతుంది. డ్రిల్లు పట్టిన కుర్రాడు హడావుడిగా ఉంటే ఎక్కువ చెడేది ఇక్కడే. వంకరగా దిగిన స్క్రూను వదిలేయొద్దు. తీసి, అదే చిల్లులో ఒక సైజు లావుది వేయాలి.

రేకును గ్రైండరుతో కోయొద్దు. ఎగిరే నిప్పురవ్వలు పూత మీద పడి అతుక్కుంటాయి, నెల తిరిగేసరికి ఒక్కో రవ్వ ఒక్కో తుప్పు చుక్క. రేకు కత్తెరతో కోసి, డ్రిల్లు పొట్టును ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్చేయాలి. గోడకు రేకు కలిసేచోట పచ్చి సిమెంటు మాలు కూరడం మనవాళ్లకు అలవాటు. పచ్చి సిమెంటు జింకును తింటుంది, పైగా రేకు ఎండకు సాగి చలికి ముడుచుకుంటుంటే మాలు పగిలిపోతుంది. అక్కడ వంచిన రేకు పట్టీ కావాలి, దాని పై అంచు గోడలో గాడి తీసి దిగేయాలి. సీలెంటు వాడితే పులుపు వాసన రాని సిలికాన్ అడగండి. పుల్లటి వాసనది జింకుకు పడదు.

గాలిదుమారం

చైత్ర వైశాఖాల్లో ఎండ మండిన సాయంత్రం ఒక్కసారి లేచే దుమారానికి పోయేవే ఎక్కువ. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల ఒత్తిడి పెడుతుంది. రేకు బరువు చదరపు మీటరుకు ఐదు కిలోల లోపే. మన షెడ్డు కప్పు 63 చదరపు మీటర్లు, అంటే పైకి లాగే బలం 3 టన్నుల దాకా పోవచ్చు. రేకులూ పైపులూ అన్నీ కలిపినా టన్ను కూడా తూగవు. కాబట్టి గాలిని ఆపేది స్క్రూ నుంచి పైపుకు, పైపు నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి నేలకు పోయే గొలుసు. అందులో ఏ లంకె వదులైతే అక్కడ తెగుతుంది. ఎనిమిది పిల్లర్లుంటే ఒక్కోదానికి అడుగున్నర చదరం, రెండున్నర అడుగుల లోతు గుంత తీసి కాంక్రీటు పోయాలి. ఆ ముద్ద ఒక్కోటి సుమారు 380 కిలోలు, ఎనిమిదీ కలిపితే ఆ 3 టన్నులు. పిల్లరు గుంతలో రాళ్లు, మొరం వేసి తొక్కితే గాలి దాన్ని పల్లికాయ మొక్కలా పీకుతుంది.

పడమర గోడ తెరిచి తూర్పు మూసిన కొట్టం ప్రమాదం. గాలి లోపలికి దూరి బయటికి దారి లేక కప్పును కింద నుంచి తంతుంది, పైన వీచేది పైకి లాగుతుంది. తెరవాలంటే ఎదురెదురు తెరవండి, లేదా గాలి వచ్చే వైపు మూసేయండి.

రేకుల మీద బండరాళ్లు పెట్టే అలవాటు ఊరూరా ఉంది. ఒక్కో రాయి పది కిలోలు, పది పెట్టినా వంద. మూడు టన్నుల ముందు అదెంత? లేచిన రేకుతో పాటు రాయి ఎగిరి కింద పడుకున్నవాళ్ల మీద పడుతుంది. ఆ రాళ్లు దించి, చూరు వరసలో ఖాళీగా ఉన్న మిట్టలకు స్క్రూలు కొట్టించండి.

సిమెంటు రేకుకు వేరే పద్ధతి

ఇక్కడ వాలు 3కు 1 కావాలి, 10 అడుగులకు 3 అడుగుల 4 అంగుళాలు లేవాలి. అడ్డ పైపుల దూరం 1.4 మీటర్లు మించొద్దు. చూరు బయటికి 300 మి.మీ. లోపే. పై వరస కింది వరస మీద కనీసం 150 మి.మీ. ఎక్కాలి, పక్కకు అర అల. 8 మి.మీ. జే బోల్టుకు (పైపును పట్టే కొక్కెం బోల్టు) 10 మి.మీ. చిల్లు, అదీ మిట్ట మీద, డ్రిల్లుతోనే. మేకు పెట్టి సుత్తితో కొడితే కింది వైపు పెచ్చు లేచి పగులు అక్కడి నుంచే పాకుతుంది. ఇనుప వాషరు కింద తారు వాషరు ఉండాలి. ముందు చేతితో వదులుగా తిప్పి, పది పన్నెండు రేకులు కుదురుకున్నాక స్పానరు పెట్టాలి.

చాలామంది మేస్త్రీలు దాటేసే పని మూల కోత. నాలుగు రేకులు ఒకచోట కలిస్తే నాలుగు మందాలు ఒకదాని మీద ఒకటి పడి, పై రేకు కూర్చోక ఎగదన్నుకుని ఉంటుంది. బోల్టు బిగిస్తే పగులుతుంది, బిగించకపోతే సందు. కింది వరసలో మొదటి రేకు ఎడమన వేసి, రెండోది కుడివైపు దాని మీదికి ఎక్కించారనుకోండి. రెండో దాని పై ఎడమ మూల కోయాలి. పై వరసలో మొదటి రేకు కింది కుడి మూల కోయాలి. మొట్టమొదటిదీ, చిట్టచివర పైన పడేదీ కోయనక్కర్లేదు. కోత పొడవు 150 మి.మీ., వెడల్పు పక్కకు ఎక్కిన మేర, మూల నుంచి మూలకు ఏటవాలుగా. కోసిన రెండు మూలలూ ఒకే మట్టంలో ఎదురెదురుగా, మధ్య 3 మి.మీ. సందుతో కూర్చుంటాయి. అలా అయితే మందం మూడుకు దిగుతుంది.

ఈ కోతలు గ్రైండరుతో చేయడమే అసలు తప్పు. ఆస్‌బెస్టాస్ నార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు, జబ్బు బయటపడేది పదుల ఏళ్ల తర్వాత. గీత మీద నీళ్లు పోసి తడిపి, చేతి రంపంతో, గాలి ఆడే చోట, ముక్కుకు సరైన మాస్కుతో కోయాలి. తువాలు కట్టుకుంటే ఆ సన్నదనానికి ఆగదు. పాత రేకుల పాచిని పొడిగా గీకొద్దు. పగిలిన ముక్కలను పొడి చేసి దారి గుంతలు పూడ్చొద్దు, తడిపి గోతిలో పూడ్చాలి. ఆస్‌బెస్టాస్ లేని సిమెంటు రేకులు కూడా దొరుకుతున్నాయి, అడిగితే చూపిస్తారు.

పాత సిమెంటు రేకు మీద నేరుగా నడవొద్దు. బోల్టుల వరస పైనే అడుగు వేయాలి. అంతకంటే మంచిది రెండు మూడు పైపుల మీద పడేట్టు పలక వేసుకుని దాని మీద పాకడం. రేకు విరిగి పడే మనిషికి పట్టుకునేందుకు ఏమీ దొరకదు.

ఎండ, కరెంటు

రోహిణి కార్తె ఎండకు రేకు కింద తల మాడుతుంది. సిమెంటు రేకుకు సున్నం కొట్టినా పనికొస్తుంది. జింకు రేకుకు తడి సున్నం వద్దు, దానికి ప్రైమరు, ఆపైన తెల్లటి ఎండ తిప్పికొట్టే పెయింటు. కొత్త జింకు మీద ప్రైమరు లేకుండా వేసిన రంగు పొలుసులుగా రాలుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశమూ ఇదే, ఎండను పైనుంచే వెనక్కి పంపడం. కొప్పు దగ్గర వేడి గాలి పోయే సందు, చూరు ఎత్తు తొమ్మిది అడుగులు, ఈ రెండూ కట్టేటప్పుడే పెట్టుకోవాలి. కింద థర్మోకోల్ కొట్టించడం కంటే చాప మేలు, థర్మోకోల్ అంటుకుంటే ఆపలేం. చాపకూ రేకుకూ మధ్య జానెడు ఖాళీ ఉంచితేనే ఫలితం.

ఇనుప రేకు మీద నుంచి సర్వీసు వైరు పోతుంటే ముందు దాన్ని తప్పించండి. అంచు రాపిడికి తొడుగు తెగితే మొత్తం కప్పు కరెంటు. దండెం తీగను రేకుకో ఇనుప పైపుకో కట్టి తడిబట్టలు ఆరేస్తుంటే ప్రాణాలు పోయేది అక్కడే. దండేనికి నైలాను తాడు కట్టాలి. షెడ్డు ఇనుముకు ఎర్తింగు తీయాలి, బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకి తెగిపడే స్విచ్ పెట్టించాలి.

అట్టపెట్టె

ఇంట్లో ఎక్కువగా చేతికి తగిలే కారుగేటెడ్ వస్తువు అట్టపెట్టె. 1856లో ఇంగ్లండులో టోపీల లోపలి పట్టీ కోసం ముడతల కాగితం పుట్టింది. 1871లో న్యూయార్క్‌లో సీసాలకు చుట్టడానికి వాడారు. మూడు పొరలంటే రెండు సాపు కాగితాల మధ్య ఒక అల, ఐదు పొరలంటే రెండు అలలు.

కొల్లాపూర్ మామిడి పెట్టెలో పంపేవాళ్లు చూసుకోవాల్సింది అల దిక్కు. పక్క గోడల్లో అల నిలువుగా ఉండాలి. కోసిన అంచు వైపు నుంచి చూస్తే గొట్టాల నోళ్లు పైకీ కిందికీ కనిపించాలి. అడ్డంగా ఉంటే పై పెట్టె బరువుకు గోడ గూనిపోతుంది. మోసేది ఎక్కువగా నాలుగు మూలలే కాబట్టి పెట్టె మీద పెట్టె మూలకు మూల సరిగ్గా కూర్చోవాలి. ఇటుకల్లా అడ్డదిడ్డంగా పేర్చితే చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గాని బలం పోతుంది. గాలి చిల్లులు మూలల దగ్గర కాకుండా మధ్యలో, నిలువు కోడిగుడ్డు ఆకారంలో పెట్టించండి. చెమ్మ తగిలిన అట్ట తన బలంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది, అందుకే పెట్టెలు నేల మీద కాక చెక్క పలకల మీద ఉండాలి. టేపుతో మూసేటప్పుడు అడుగున మధ్య గీతకు రెండు వరసలు వేయాలి.

అలల పైపు

ఊరి మోరీలకు, పొలం దారి కింద కాలువ దాటించడానికి ఇప్పుడు నల్లటి అలల పైపులు వేస్తున్నారు. బయట అల, లోపల నున్నగా రెండు గోడలుంటాయి. ఇక్కడ అల పొడవునా కాదు, పైపు చుట్టూ తిరుగుతుంది. బరువు మట్టి రూపంలో పైనుంచి పడి పైపును నొక్కేస్తుంది కాబట్టి బిగువు కావాల్సింది చుట్టూనే. కోయాల్సి వస్తే మిట్ట మీద కోయొద్దు, రెండు మిట్టల మధ్య పల్లంలో కోయాలి. అతుకుకు వేసే రబ్బరు రింగు పల్లంలోనే కూర్చుంటుంది, మిట్ట సగానికి తెగితే దానికి చోటుండదు. గుంత అడుగున రాళ్లు ఏరి నాలుగు అంగుళాల ఇసుక పరచండి. పైపు పక్కల కింది మూలల్లో మట్టిని చేతితో కూరి దట్టించాకే పైన మొరం పోయాలి. ఆ మూలలు ఖాళీగా వదిలేస్తే వడ్ల ట్రాక్టరు ఒక్కసారి దాటగానే పైపు కోడిగుడ్డులా చదునవుతుంది.